శీతల కేంద్రక చర్యలు: సిద్ధాంతముల బలాబలములు

1989 మార్చి 23వ తేదీన అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ అను రసాయన శాస్త్రజ్ఞులు ఒక వింత ప్రకటన చేసిరి. పల్లాడియమును ఋణధ్రువముగా నుంచి భారజలమును విద్యుద్విశ్లేషణము చేయగా, రసాయన చర్యలకు అందనంత వేడి పుట్టినదనియు, డ్యుటీరియము కేంద్రకములు సంలీనమగుటయే దానికి కారణమనియు వారి వాదము. సూర్యగర్భములో జరుగు వంటి కార్యము గాజుపాత్రలో జరిగినదన్నమాట! పెక్కు ప్రయోగశాలలలో ఆ ఫలితము మరల రాలేదు. గూగుల్ సంస్థ సాయముతో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలోను ఆధారము దొరకలేదు. అయినను దానిని సమర్థించు సిద్ధాంతములు పుట్టుచునే యున్నవి. వానిని ఎట్లు తూచవలెను?

మొదటి చిక్కు అడ్డుగోడ. రెండు కేంద్రకములును ధనావేశము గలవగుటచే ఒకదాని నొకటి త్రోసివేయును. ఈ గోడ ఎత్తు కొన్ని లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రతలో కణమునకుండు శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు 40వ వంతు. రెండవ చిక్కు న్యూట్రానులు. డ్యుటీరియము సంలీనములో ఇంచుమించు సగము చర్యలు న్యూట్రానును వెలువరించును. ఒక్క వాటు శక్తికి సెకనుకు సుమారు లక్షకోట్ల న్యూట్రానులు రావలెను. అట్టి పాత్ర చెంత కొన్ని గంటలు నిలిచినవారు బ్రతుకుట కల్ల.

2006లో అలన్ విడమ్, లూయిస్ లార్సన్ అనువారు ప్రకటించిన సిద్ధాంతము ఈ చిక్కులను నేర్పుగా తప్పించుకొన్నది. ఆవేశము లేని న్యూట్రానుకు అడ్డుగోడయే లేదు. లోహపు ఉపరితలమున ఎలక్ట్రాను, ప్రోటాను కలిసి న్యూట్రాను, న్యూట్రినోలుగా మారుననియు, ఆ న్యూట్రాను వేరొక కేంద్రకములో చొచ్చి శక్తి నిచ్చుననియు వారందురు.

కాని లెక్క కుదురవలెను గదా! న్యూట్రాను ద్రవ్యరాశి, ప్రోటాను ఎలక్ట్రానుల మొత్తముకన్న అధికము. ఆ తేడా 7 లక్షల 80 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. ఉపరితల క్షేత్రములలో ఎలక్ట్రాను రెండున్నర రెట్లు బరువెక్కి ఈ లోటు తీర్చునట! 2012లో ఇటలీ శాస్త్రజ్ఞులు లెక్కించి, న్యూట్రానులు పుట్టు రేటు వారు చెప్పినదానికన్న మిక్కిలి తక్కువని చూపిరి. మరి న్యూట్రానును గ్రహించిన కేంద్రకము వెలువరించు గామా కిరణము లేవి? బరువెక్కిన ఎలక్ట్రానులే వానిని మ్రింగివేయునని మరియొక ఊహ. ఒక గోతిని పూడ్చుటకు వేరొక గోతిని త్రవ్వినట్లున్నది.

ఈ చివరి ఊహలో ఒక మేలు కలదు: దానిని పరీక్షింపవచ్చును. పనిచేయుచున్న లోహఫలకముపై గామా కిరణములను ప్రసరింపజేసి ఆవలివైపున కొలిచినచో నిజము తేలును.

క్రొత్త ఊహ యనిన భౌతికశాస్త్రము తలుపు మూయదు. ఎలక్ట్రానుకన్న 207 రెట్లు బరువైన మ్యూయాను కేంద్రకములను చేరువచేసి, వేడి లేకయే సంలీనము గావింపగలదని 1947లో ఫ్రాంక్ సూచించెను. 1956లో లూయీ ఆల్వరెజ్ బృందమువారు బుద్బుదపేటిక ఛాయాచిత్రములలో దాని జాడలను చూచిరి. ఆ చర్య నేడు ఎల్లరకు సమ్మతము. ఖర్చుకన్న ఎక్కువ శక్తి నీయకపోవుటయే దాని లోపము.

ఉపాధ్యాయులు ఈ రెండు కథలను తరగతిలో ప్రక్కప్రక్కన చెప్పవలెను. ఊహించు సాహసము రెండింటను సమానమే. లెక్కకును కొలతకును తలయొగ్గుటలోనే భేదము.