కేటీ అయ్యాకే పని అయినట్టు

అమెరికాలో ఏళ్ల తరబడి ఒకే క్లయింటు దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసిన తెలుగు డెవలపర్‌కు ‘ఈసారి ఎక్స్‌టెన్షన్ లేదు’ అన్న కబురు వచ్చిందంటే, ఒకపక్క కోడ్ అప్పజెబుతూ ఇంకోపక్క రెజ్యూమె దిద్దుకోవాల్సిందే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. 2017 నుంచి ఉన్న నిబంధన ఇది. ఎంప్లాయర్ జీతమిస్తూ బెంచ్ మీద ఉంచుకుంటే ఆ లెక్క మొదలవదు. ఎన్నాళ్లు ఉంచుకుంటారో మాత్రం ఎవరూ చెప్పరు. మనసు అటు లాగుతుంటే చివరి వారాల్లో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్), అంటే తనకు తెలిసింది కొత్తవాళ్లకు అప్పజెప్పే పని మీద ధ్యాస నిలవడం కష్టం.

కానీ డెవలపర్ పనితనం తెలిసేది ఆ వారాల్లోనే.

కోడ్ ఎలాగూ గిట్‌లో ఉంటుంది. అందులో లేని సంగతులే ముఖ్యం. రాత్రిపూట నడిచే జాబ్ ఒకటి ఆయన సొంత టోకెన్ మీద నడుస్తుంటుంది. లాస్ట్ డే సాయంత్రం అకౌంట్ ఆపేస్తే ఆ రాత్రే జాబ్ ఆగిపోతుంది. సర్టిఫికెట్ గడువు తీరుతోందన్న హెచ్చరిక ఆయన మెయిల్‌కే వస్తుంది, ఇక చూసేవాళ్లుండరు. ఒక ఫైల్లో అర్థంలేనట్టు కనిపించే ‘ఇఫ్’ కండిషన్ ఉంటుంది. తేదీలో రోజునూ నెలనూ తారుమారు చేసి పంపే ఒకే ఒక్క బ్యాంకు కోసం పెట్టింది అది. ఆ సంగతి తెలియక కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని తీసేస్తే తప్పు వాళ్లది కాదు.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో రాసిన వ్యాసంలో ఈ సంగతే ఉంది. ఒక బృందం కంపైలర్ రాసింది. దాన్ని విస్తరించడానికి ఇంకో బృందం పూనుకుంది. డాక్యుమెంట్లు, వివరణలతో కూడిన కోడ్ అన్నీ వాళ్ల చేతికొచ్చాయి. అయినా వాళ్లు సూచించిన మార్పులు కొన్ని అసలు నిర్మాణాన్నే దెబ్బతీసేలా ఉన్నాయి. మొదట రాసినవాళ్లు అది చూడగానే పట్టేశారు, ఆ నిర్మాణంలోనే ఇమిడే తేలిక దారి చూపించారు. ప్రోగ్రామ్ ప్రాణం దాన్ని రాసినవాళ్ల అవగాహనలో ఉందని, కాగితాలు ఆ అవగాహనను పూర్తిగా మోయలేవని నౌర్ వాదన.

వై2కే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కినవాళ్లకు ఇది అనుభవమే. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలు వెతికి సరిచేయడమే వాళ్ల పని. అప్పట్లో కొన్నిచోట్ల తేదీలన్నీ మార్చే తీరిక లేక, 00 నుంచి 19 దాకా ఉంటే 2000ల కింద లెక్కేసేలా సర్దారు. 2020 జనవరిలో అలాంటివి కొన్ని మొరాయించాయి. సర్దింది ఎందుకో, ఎప్పటిదాకానో చెప్పే మనిషి అక్కడ లేకపోతే జరిగేది ఇదే.

నాలుగు మీటింగులు రికార్డు చేసి ‘కేటీ అయిపోయింది’ అనిపించుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. అది చాలదు. మన ఐటీ కంపెనీల్లో రివర్స్ కేటీ అనే మంచి అలవాటు ఉంది: కొత్తగా వచ్చినవాళ్లే సిస్టమ్‌ను వివరించి చెప్పాలి, పాతవాళ్లు విని సరిదిద్దాలి. దానికి తోడు ఒక నిజమైన మార్పు కూడా కొత్తవాళ్ల చేతే చేయించి ప్రొడక్షన్‌కు పంపిస్తే, ఎక్కడ తెలియదో అక్కడే బయటపడుతుంది.

మేనేజర్లకు ఒక్క విన్నపం. వెళ్లిపోతున్న మనిషి ఆఖరి రెండు వారాల్లో కొత్త ఫీచర్లు పెట్టకండి. ఆ రోజులు కేటీకే వదిలేయండి, వాటినీ బిల్లింగ్‌లో చేర్చండి.