గాలి ఎక్కడిది?

పరిశోధన పత్రం చేతికొస్తే ఫలితాల జోలికి తర్వాత పోతాను. ముందు చదివేది ఎలా కొలిచారో చెప్పే భాగం. ఎవరి పనితనం ఎంతో అక్కడే తేలిపోతుంది.

భూమిని వేడెక్కించే మీథేన్ ఆర్కిటిక్‌లో ఎంత వెలువడుతోందన్న సంగతే తీసుకోండి. 2008లో జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ నౌక, చేపల గుంపుల జాడ తీసే సోనార్‌తో నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల పడమటి సముద్రాన్ని గాలించింది. అడుగు నుంచి లేస్తున్న మీథేన్ బుడగల ధారలు 250కి పైగా దొరికాయి. ‘మీథేన్ బాంబు’ అని రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? నీళ్లలో ఉంది సరే, గాల్లోకి వచ్చిందా?

అది తేల్చడానికి ఓడ మీద గాలి పట్టాలి. చిక్కేమిటంటే ఓడే పొగ వదులుతుంటుంది. అందుకే గొట్టం మూతిని ఓడ ముందువైపు, పొగగొట్టానికి వీలైనంత దూరంగా, ఎత్తున కడతారు. ఎదురుగాలి ఉన్నంతసేపే ఆ గాలికి విలువ. వెనకగాలి తిరిగిందా, ఆ అంకెలు పక్కన పెట్టాల్సిందే. వందకోట్ల గాలి అణువుల్లో ఇప్పుడు మీథేన్‌వి 1,900 పైచిలుకు. పరిశోధకులు వెతికేది అందులో పదో ఇరవయ్యో తేడా!

తేడా దొరికినా సరిపోదు, అది ఎక్కడిదో తెలియాలి. చిత్తడి నేలల్లో సూక్ష్మజీవులు పుట్టించే మీథేన్‌లో బరువైన కార్బన్-13 తక్కువ. మన వరి మడిలోదీ ఆ కోవదే. గ్యాస్ బావుల నుంచి కారేదాంట్లో సాధారణంగా అది ఎక్కువ. ఓడ మీదా, స్వాల్‌బార్డ్‌లోని న్యూ ఆలెసుండ్ ఊరి పక్కన జెప్లిన్ కొండ మీదా పట్టిన గాలిని ఇలా విడదీసి, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో వెనక్కి లెక్కగడితే, వేసవిలో చిత్తడి నేలలూ, చలికాలం చివర గ్యాస్ లీకులూ బయటపడ్డాయి. బుడగల జాడ మాత్రం గాల్లో లేదు.

2014 వేసవిలో ఓడా, విమానమూ కలిసి మళ్లీ వెతికినా అంతే. దారిలోనే మీథేన్ నీటిలో కరుగుతుంది, కొంత బాక్టీరియా తినేస్తుంది. ‘దొరకలేదు’ అని ఇంత శ్రమపడి రాసిన పత్రాలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాటికి పతాక శీర్షికలు రావు.

అలాగని అన్ని సముద్రాలకూ ఇదే తీర్పు ఇవ్వలేం. తూర్పు సైబీరియా తీరసముద్రం లోతు సగటున 50 మీటర్లే, బుడగలు పైకి రాగలవు. అక్కడ ఏటా 80 లక్షల టన్నుల మీథేన్ గాల్లోకి చేరుతోందని 2010లో ఒక బృందం లెక్కగట్టింది. 2014లో ఓడెన్ అనే మంచుకోత నౌక మీద వెళ్లినవాళ్ల లెక్క 29 లక్షలే. నాకు రెండోదే నమ్మదగినదిగా తోస్తుంది. అయితే అదీ వేసవి లెక్కే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ సముద్రం మంచు కిందే ఉంటుంది, ఓడలు వెళ్లేది ఆ కాస్త తెరిపిలోనే.