తోతాపురి పెద్దబడా, చిన్నబడా?

చిత్తూరు మామిడి రకాల మీద వెబ్‌సైట్ కట్టిన ఇంజినీరింగ్ పిల్లలు మొన్న దాన్ని సర్వర్‌కెక్కించారు. పేజీలో అన్ని కాయలూ కనిపించాయి, తోతాపురి తప్ప. "సార్, నా లాప్‌టాప్‌లో బాగానే వస్తా ఉంది" అన్నాడు ఆ బొమ్మ పెట్టిన పిల్లాడు. నిజమే. కోడ్‌లో పేరంతా చిన్నబడి, ఫైలు పేరులో మొదటి టీ పెద్దబడి. విండోస్ రెండూ ఒకటేలే అని సర్దుకుపోతుంది. మ్యాక్ కూడా మామూలుగా అంతే. మా సర్వర్‌లో ఉన్న లినక్స్ దగ్గర ఆ మొహమాటాలేం లేవు, అడిగిన పేరు లేకపోతే లేదంతే.

టీ మార్చేస్తే పోతుందని పిల్లాడు విండోస్‌లోనే పేరు మార్చాడు. కోడ్‌లో మార్పుల లెక్క రాసిపెట్టే గిట్‌ని అడిగితే కమిట్ చేయడానికి ఏమీ లేదంది! అసలు తిరకాసు ఇక్కడే. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం రాసుకున్న ఈ గిట్‌కి లోలోపల పెద్ద టీ వేరు, చిన్న టీ వేరు. కాకపోతే క్లోన్ చేసేటప్పుడు మన డిస్కును ఓసారి తడిమి చూస్తుంది. ఆ తేడా పట్టని డిస్కయితే కోర్ డాట్ ఇగ్నోర్‌కేస్ అన్న సెట్టింగ్‌ను ట్రూ చేసేసుకుంటుంది. ఇక ఇలాంటి మార్పు దాని కంటికి ఆనదు. దాన్ని ఫాల్స్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. వినొద్దు. సెట్టింగ్ మారినంత మాత్రాన డిస్కు మారుతుందా? ఒకే ఫైలు రెండు పేర్లతో నమోదై కూర్చుంటుంది. గిట్ ఎంవీ కొట్టి, పాత పేరు, కొత్త పేరు ఇస్తే చాలు.

లినక్స్ కెర్నల్‌లోనే ఇలాంటి కవలలున్నాయి. నెట్‌ఫిల్టర్ భాగంలో డీఎస్‌సీపీ పేరుతో ఒక ఫైలు పెద్దబడిలో, ఇంకోటి చిన్నబడిలో. మొదటిది ప్యాకెట్ మీది గుర్తును మారుస్తుంది, రెండోది చూసి ఊరుకుంటుంది. విండోస్‌లో క్లోన్ చేస్తే ఒకదాని మీద ఒకటి పడి ఒకటే మిగులుతుంది. మనం ముట్టుకోకపోయినా ఫైలు మారిందని గిట్ గోల మొదలు. పేర్లు ఢీకొన్నాయని క్లోన్ దగ్గరే హెచ్చరించడం 2018 చివర్లో వచ్చిన గిట్ 2.20తో మొదలైంది.

2014 డిసెంబర్‌లో ఈ పెద్దబడి, చిన్నబడి గొడవ భద్రత దాకా పోయింది. గిట్ తన వివరాలన్నీ దాచుకునే డాట్ గిట్ ఫోల్డర్ పేరునే పెద్దబడిలో రాసి దుండగుడు తన రిపాజిటరీలో పెడితే, విండోస్, మ్యాక్‌లలో అది మన అసలు ఫోల్డర్‌లోకే దూరి వాడి కమాండ్లు నడిపించగలిగేది. గిట్ 2.2.1 హడావుడిగా వచ్చింది అందుకే.

మా పిల్లలకు ఇప్పుడు ఒకటే కట్టుబాటు. ఫైలు పేర్లన్నీ చిన్నబడి, చివరి జేపీజీతో సహా. మాట మీద నమ్మకం లేక సర్వర్‌లో తనిఖీ కూడా పెట్టించాను. పేరులో పెద్దబడి అక్షరం ఒక్కటున్నా పుష్ అక్కడే ఆగుతుంది. తెలుగులో పేర్లు పెడితే ఈ గొడవే ఉండదు కదా సార్ అందొక అమ్మాయి. ఉండదు. అలాంటి పేరున్న లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే మాత్రం మూరెడు పొడవున శాతం గుర్తుల దండకం వస్తుంది.