కంప కొట్టే రోజు

శనగ కోత ముగిసి, ఉగాది ఇంకా కొన్నాళ్లుందనగా రాయలసీమ మెట్ట ఊళ్లలో చేతులకు కాస్త ఖాళీ దొరుకుతుంది. కళ్లం పని అయిపోయింది, తొలకరి చాలా దూరం, ఎండ ఇంకా ముదరలేదు. కంప కొట్టడానికి ఇదే అదను. ఇంటిల్లిపాదీ గొడ్డళ్లు, మచ్చుకత్తులు, గడ్డపార, సద్దిమూట పట్టుకుని పొద్దు పొడవక ముందే చేనికి పోతారు.

ఇక్కడ కంప అంటే సర్కారు తుమ్మే. ఇది మన నేలలో పుట్టింది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. వంటచెరకు కొరత తీరుతుందని 1870ల చివర్లో మద్రాసు అటవీ అధికారులు కడప ప్రాంతంలోని కమలాపురంలో దీన్ని నాటించారు. అనుకున్నట్టే బీదల పొయ్యిలను వెలిగించింది. ఆ తర్వాత చెరువు కట్టలు, వాగులు, బీళ్లు, చేల గెనాలు ఆక్రమించింది. వేసవిలో పండే దాని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, గొర్రెలు ఇష్టంగా తింటాయి. గట్టి విత్తనం అరగక పెంటికలతో పాటు చేనిలో పడి, వాన తగలగానే మొలుస్తుంది. కాయ పండక ముందే కొట్టాలని పెద్దలు తొందరపెట్టేది అందుకే.

కొట్టడానికీ ఒక వరస ఉంది. ముందు కర్రతో పొదను బాగా తట్టాలి. పామో తేలో ఉంటే పక్కకు పోతుంది. తర్వాత బయటి కొమ్మలతో మొదలుపెట్టి లోపలికి రావాలి. ఒకరు పంగకర్రతో ముళ్ల కొమ్మను ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు దాని మొదట్లో వేటు వేస్తారు. పడిన కొమ్మలను మొదళ్లన్నీ ఒకే వైపు ఉండేలా పేర్చాలి. చిందరవందరగా పడేస్తే మళ్లీ ఎత్తేటప్పుడు చేతులు చీరుకుపోతాయి. రబ్బరు చెప్పును కూడా దాటి దిగే ముల్లు ఇది. విరిగి లోపల ఉండిపోతే వారాల తరబడి చీము పడుతుంది. అందుకే పిల్లలను నరికే చోటికి రానివ్వరు. నీళ్లందించడం, లేత మొలకలను వేళ్లతో సహా పెరకడం వాళ్ల పని.

అసలు పనితనం మోడు దగ్గర తెలుస్తుంది. నేలమట్టానికి నరికి వదిలేస్తే వానలు పడగానే ఒక్క మోడుకు గుత్తుగా కొమ్మలు లేస్తాయి. ఆ చిగుళ్ల మొగ్గలు మట్టికి కాస్త కిందే, కాండమూ వేరూ కలిసేచోటి బుడిపెలో దాగి ఉంటాయి. చుట్టూ జానెడు లోతు తవ్వి, ఆ బుడిపెకు కిందుగా వేరును తెగ్గొడితేనే చెట్టు చచ్చినట్టు. ఎండిన నేలలో ఇది నడుములు విరిగే పని. మనిషి మార్చి మనిషి గడ్డపార పట్టుకోవాల్సిందే.

కొట్టడం ఎంత ముఖ్యమో, వదలడం అంతకంటే ముఖ్యం. గెనెం మీద కంప మధ్యలో జమ్మి పిలక ఉంటే కుర్రాళ్ల కంటికి రెండూ ఒకటే.

"నాయనా, అది కొట్టొద్దు, జమ్మి."

"రెండిటికీ ముళ్లే గదా జేజీ?"

"కణుపు కాడ చూడు."

కంపకు ముళ్లు ఆకు పుట్టే కణుపు దగ్గరే, ఎక్కువగా జంటగా ఉంటాయి. జమ్మి ముళ్లు పొట్టివి, కణుపుల మధ్య చెదురుమదురుగా ఉంటాయి. రెండూ దగ్గరి చుట్టాలైనా నడత వేరు. జమ్మి వేరు లోతుకు పోతుంది, నీడ పలచన, కింద పైరు బతుకుతుంది, ఆకు మేకలకు మేత. దసరాకు పూజ ఎలాగూ ఉంది. వేప, చింత, కానుగ మొక్కలకూ గొడ్డలి తగలనివ్వరు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి అవసరం. ఏ జాతులకు మినహాయింపు ఉందో ముందే కనుక్కోవడం మంచిది.

పొద్దు నెత్తికెక్కే వేళకు పని ఆపి, వేపచెట్టు కింద సంగటి ముద్ద, ఊరిబిండి, మజ్జిగ. సాయంత్రం కొట్టినదంతా పంచుకోవడమే. లావు మొద్దులు పొయ్యికో బొగ్గుల బట్టీకో పోతాయి. సన్న కంపతో కంచె వేస్తారు. మొదళ్లు చేను వైపు, ముళ్లు బయటికి పెట్టి, మొదళ్ల మీద రాళ్లెత్తుతారు. గెనెం మీదే కాల్చేస్తే సులువే గానీ పక్కనున్న వేప కూడా మాడిపోతుంది.

ఏళ్లుగా బీడుపడ్డ నేలకు జేసీబీ తప్పదు. సాగులో ఉన్న చేనికి మాత్రం అది నష్టమే. పైమట్టిని గెనెం మీదికి తోసేస్తుంది, జమ్మినీ కంపనూ ఒకటే చూపు చూస్తుంది, తెగిన వేరు బుడిపెలను మట్టిలోనే వదిలేస్తుంది. ఏ వేరు ఎక్కడ తెంచాలో, ఏ పిలకను దాటిపోవాలో కుర్రాళ్లు నేర్చుకునేది పెద్దల పక్కన పనిచేసే ఈ ఒక్క రోజే. ఆ తెలివి పోతే చేతిలో ఎంత పెద్ద యంత్రం ఉన్నా చేను మనది కాదు.

తొలకరి పడ్డాక గడ్డపార పట్టుకుని మరోసారి చేను చుట్టి రావాలి. ఆ తిరుగుడు లేకపోతే ఈ ఫాల్గుణంలో కొట్టిన కంపనే వచ్చే ఫాల్గుణంలోనూ కొట్టాల్సి వస్తుంది.