బర్నబా పేరులోని ‘హెచ్చరిక’

అపొ. కా. 4:36లో మన వాడుక బైబిలు బర్నబా పేరుకు ‘హెచ్చరిక పుత్రుడు’ అని అర్థం చెబుతుంది. మూలపదం పరాక్లేసిస్. 2 కొరింథీ 1:3-7లో ఈ పదం, దాని క్రియారూపం కలిపి పదిసార్లు వస్తాయి. అక్కడ అనువాదం ‘ఆదరణ’. రెండు భావాలూ మూలపదంలో ఉన్నవే కాబట్టి అనువాదకులను తప్పుపట్టలేము. చిక్కు మన ప్రసంగాల్లోనే ఉంది. నేటి వాడుకలో హెచ్చరిక అంటే గద్దింపే గనుక, బర్నబా పేరు చెప్పి సంఘాన్ని మందలిస్తున్నాము. అంతియొకయలో అతడు మొదట దేవుని కృపను చూశాడు, సంతోషించాడు, ఆ తరువాతే హెచ్చరించాడు (11:23). లూకా ఇచ్చిన ఈ వరుసను విడిచిపెట్టి చివరి క్రియనొక్కదానినే బోధించడం వాక్యభాగానికి న్యాయం చేయదు. శిష్యులందరూ సౌలుకు భయపడుతుండగా అతనిని అపొస్తలుల యొద్దకు తోడుకొనిపోయినవాడూ (9:27) ఈ హెచ్చరిక పుత్రుడే.