చూడనా అక్కా?

'చూస్తా' అన్నప్పుడు పని ఖాయమైపోయినట్టే, ఎదుటి మనిషికి మిగిలేది ఊరుకోవడమే. అదే 'చూడనా?' అంటే పని ఇంకా మొదలుకాలేదు. ఎదుటివాళ్లు ఊఁ అనేదాకా గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. తెలుగులో ఈ తేడా ఇంత చిన్నదనీ, ఇంత పెద్దదనీ నాకు తెలియజెప్పింది ఒక నర్సింగ్ విద్యార్థిని.

మా చెల్లెలి తొలి కాన్పు అది. ఏ ఊరో, ఏ ఆస్పత్రో ఎందుకులెండి. నొప్పులు మొదలై ఎనిమిది గంటలైంది. అప్పటికే ముగ్గురు వచ్చి లోపల పరీక్ష చేసి వెళ్లారు. ఒకావిడ ఫోన్ మాట్లాడుతూనే చేసింది. ఇంకొకావిడ వచ్చినప్పుడు తలుపు సగం తెరిచే ఉంది, వరండా బెంచీ మీద నేను తల తిప్పుకొని కూర్చున్నాను. వాళ్లు చెడ్డవాళ్లని అనను. మంచాలు ఎక్కువ, చేతులు తక్కువ. సాయంత్రం డ్యూటీకి బక్కపలుచటి అమ్మాయి ఒకతె వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ చదువుతోందట. లోపలికి పోతూనే తలుపు దగ్గరికేసింది. ఆ తర్వాతిది చెల్లెలు చెప్పగా విన్నది. ఆ పిల్ల చేతులు కడుక్కుని మంచం పక్కన నిలబడి, "అక్కా, బిడ్డ గుండె ఎట్ల కొట్టుకుంటుందో వినాలె. పొట్ట మీద చెయ్యి పెట్టనా?" అని అడిగిందట. సరిగ్గా అప్పుడే నొప్పి వచ్చింది. నొప్పి తగ్గేదాకా ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. చెల్లెలు తల ఊపాకే కిందికి దిగింది.

గాల్లో ఆగిన ఆ చేతి సంగతి విన్నాక, దాని వెనక ఉన్న చదువేమిటో తెలుసుకోవాలనిపించింది.

ఆ చదువు నేర్పే ఊళ్లలో తెలంగాణలోని బాన్సువాడ ఒకటి. బాన్సువాడ అనగానే చాలామందికి నిజాంసాగర్ నీళ్లు, వరి పొలాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అక్కడి మాతా శిశు దవాఖాన గుర్తొస్తుంది. 2022లో ఆ దవాఖానకు బీపీఎన్ఐ 'తల్లిపాలకు అనుకూలమైన ఆస్పత్రి' అని గుర్తింపు ఇచ్చింది. దేశంలో తల్లిపాల కోసం పనిచేసే సంస్థ అది. తెలంగాణ సర్కారు దవాఖానల్లో ఈ గుర్తింపు మొదట దక్కింది బాన్సువాడకే. అదే ఊళ్లో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల కూడా ఉంది. అక్కడ చదివేవాళ్లకు డిగ్రీ ఇచ్చేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. యూనివర్సిటీ పిల్లలు నీతిశాస్త్రం చదువుతున్నారంటే మనకు సెమినార్ హాలు, మైకు, బల్ల మీద నీళ్ల సీసాలు కళ్లముందు మెదులుతాయి. నా దృష్టిలో ఆ చదువు నిగ్గు తేలేది కాన్పుల గదిలో.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ సిలబస్‌ను తిరగరాసి సెమిస్టర్ పద్ధతికి మార్చింది. నాలుగో సెమిస్టర్‌లో వృత్తి విలువలు, నీతి, జీవనీతి కలిపి ఒక పేపరు పెట్టింది. దానికి ఒక క్రెడిట్, 20 గంటలు. తొలిచూలు నొప్పులు ఒక్కోసారి అంతసేపూ పడతాయి! అంత తక్కువ సమయంలో ఏం నేర్పుతారని నేనూ పెదవి విరిచినవాణ్నే. గైడు పుస్తకం బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లు ఈ పేపరుకూ ఉంటారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ సిలబస్ ఉపన్యాసంతో సరిపెట్టుకోలేదు. చర్చ పెట్టమంది, కేసు కథలు చెప్పమంది, రోల్‌ప్లే ఆడించమంది. నాకు నచ్చింది ఈ చివరిది.

ఎందుకంటే ల్యాబులో రబ్బరు బొమ్మ ఎప్పుడూ 'వద్దు' అనదు. బొమ్మ మీద వెయ్యిసార్లు సాధన చేసిన చేతికి పొట్ట ఎక్కడ తడమాలో తెలుస్తుంది, ఎప్పుడు ఆగాలో తెలియదు. రోల్‌ప్లేలో బొమ్మ స్థానంలో తోటి విద్యార్థిని పడుకుంటుంది. వెల్లకిలా పడుకొని ఫ్యాను చూస్తూ ఉంటే, పైన నలుగురు నిలబడి తన గురించే తన పేరెత్తకుండా మాట్లాడుకుంటారు. 'ప్రైమీ, నాలుగు సెంటీమీటర్లు' (తొలి కాన్పు, గర్భద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది) అనేది ఆమె మారుపేరు. పది నిమిషాలు అట్లా పడుకొని లేచిన పిల్ల, 20 పేజీల నోట్సులో దొరకనిది పట్టుకొని లేస్తుంది. మంచం మీద నుంచి చూస్తే అందరూ పొడుగ్గా కనిపిస్తారు. అందుకే పనితనం తెలిసిన నర్సు మాట్లాడేటప్పుడు వంగుతుంది, లేదా స్టూలు లాక్కుని కూర్చుంటుంది. ముందు పేరు పెట్టి పిలుస్తుంది, ఏం చేయబోతోందో చెబుతుంది, తర్వాతే చేతులకు తొడుగులు వేసుకుంటుంది. తొడుగులు వేసుకున్నాక అడిగే 'చూడనా?'కు విలువ లేదు. అప్పటికే జవాబు తీసేసుకున్నట్టు.

బాన్సువాడలాంటి చోట ఆ ప్రశ్న ఒక్క తెలుగులో అడిగితే సరిపోదు. జుక్కల్, మద్నూర్ దాటితే ఒకపక్క మహారాష్ట్ర, ఒకపక్క కర్ణాటక. మంచాల మీద తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, కన్నడం, లంబాడీ వినపడతాయి. అదృష్టం ఏమిటంటే మన ఇరుగుపొరుగు భాషల్లోనూ ఈ విన్నపం ఉంది. ఉర్దూలో 'దేఖూఁ?', మరాఠీలో 'బఘూ కా?'. ఈ రెండు ముక్కలు నేర్చుకున్న స్టూడెంటు, పెద్ద పెద్ద అనుమతి పత్రాలు అచ్చు వేయించినవాళ్ల కంటే ముందుంటుందని నా లెక్క. ఆ పత్రాల మీద సన్నటి ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. వాటి కింద వేలిముద్ర వేసే మనిషి ఆ క్షణంలో పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటూ ఉంటుంది.

పత్రం సంగతి వచ్చింది కనుక ఇంకో మాట. మన దగ్గర కాన్పుల గది బయట ఎప్పుడూ వినపడే కేక 'సంతకం ఎవరు పెడతారు?' అన్నది. భర్త పెడతాడు, లేకపోతే తండ్రి, లేకపోతే అత్త. కడుపు ఎవరిదో ఆమెను అడిగేవాళ్లు తక్కువ. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిలో ఈ ముడి విప్పింది. పరీక్ష కోసం మత్తిచ్చిన ఒక స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతి తీసుకొని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, మత్తు దిగేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని కోర్టు చెప్పింది. మేజరైన మనిషి తరఫున కన్నతల్లి ఊఁ అన్నా చెల్లదు. క్లాసులో ఈ తీర్పు చదవడం తేలిక. వార్డులో 19 ఏళ్ల కోడలు పడుకొని ఉంటుంది, ప్రతి ప్రశ్నకూ అత్తే జవాబు చెబుతుంటుంది. ఆమెను బయటికి పొమ్మంటే గొడవ, ఉండనిస్తే పిల్ల నోరు విప్పదు. ఇక్కడే పనితనం కనపడుతుంది. "అత్తమ్మా, బిడ్డకు మెత్తటి పాత బట్టలు తెచ్చిన్రా? ఒక్కసారి సంచి సూడరాదు" అంటే అత్త పెద్దరికానికి లోటు రాదు, కోడలికి రెండు నిమిషాలు దొరుకుతాయి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ ఉపాయం పాత సిస్టర్ల దగ్గర నుంచి కొత్తవాళ్లకు అందుతూ వస్తుంది.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని మన సామెత. పాత మంత్రసానికి ఆ ఓపిక ఉండేది, శుభ్రత తక్కువ. దవాఖానకు శుభ్రత వచ్చింది, ఓపిక తరిగింది. రెంటినీ ఒక చేతికి తేవాలని 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. దాని వెనక పట్టుదల డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్‌ది. ఏడాది తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కాన్పు మార్గదర్శకాలు కూడా ఈ దారిలోనివే. పొట్ట పైనుంచి అదిమి బిడ్డను తోయవద్దు, అందరికీ అలవాటుగా కోత పెట్టవద్దు, తల్లి కోరిన మనిషిని పక్కన ఉండనివ్వండి అన్నాయి. మూడోది వైద్యమా, మర్యాదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ గదిలో రెండూ వేరు కావు.

ఇక పెద్ద చిక్కు ఆపరేషన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ దవాఖానల్లో 44.5. ఇందులో డాక్టర్ల భయం ఉంది, డబ్బు ఉంది, పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం కూడా ఉంది. పుట్టబోయేవాడి జాతకం కోసం తల్లి కడుపు కోయించే విద్య మనకు బాగానే అబ్బింది. దీన్ని తిప్పడానికి 2022లో ప్రభుత్వం సాధారణ కాన్పుకు సిబ్బందికి 3,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. నర్సింగ్ తరగతిలో చర్చ పెట్టడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తోచదు. కోతకు డబ్బు ఆశ తప్పయితే, కోత లేకపోవడానికి డబ్బు ఆశ ఒప్పా? నిజంగా ఆపరేషన్ కావాల్సిన తల్లి దగ్గర ఒక గంట ఎక్కువ ఎదురుచూస్తే? నన్నడిగితే ప్రోత్సాహకం వల్ల మేలే ఎక్కువ అంటాను. కానీ ఆ రెండో ప్రశ్న అడిగే స్టూడెంటు తరగతిలో ఒక్కతైనా ఉండాలి, ఆమె నోరు మూయించకూడదు.

బాన్సువాడకు పేరు తెచ్చిన పని చూద్దాం, తల్లిపాలు. బయటివాళ్లకు ఇదేం పెద్ద విద్య అనిపిస్తుంది, పుట్టిన బిడ్డ తాగదా అని. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పుట్టగానే బిడ్డను తుడిచి, బట్టల్లో చుట్టకుండా తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పుతారు. తొందర లేకపోతే బిడ్డే మెల్లగా వెతుక్కుంటుంది. తల్లి బిడ్డ మీదికి వంగకూడదు, నడుం పట్టేస్తుంది. బిడ్డనే తల్లి దగ్గరికి తేవాలి. నోరు ఆవలించినంత తెరుచుకోవాలి, గదమ రొమ్ముకు తాకాలి, కింది పెదవి బయటికి మడత పడాలి. చనుమొన చుట్టూ నల్లటి భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనపడాలి. బుగ్గలు గుంటపడితే పట్టు తప్పినట్టు. చప్పరించే చప్పుడు కాదు, గుటక వినపడాలి.

ఇందులో నర్సు చెయ్యి ఎక్కడుంటుంది? అసలు రహస్యం అదే. పని రానివాళ్లు తల్లి రొమ్ము పట్టుకొని బిడ్డ నోట్లో కుక్కుతారు. పని వచ్చినవాళ్లు ఒక బొమ్మనో, మడిచిన తువ్వాలనో తమ ఎదకు ఆనించుకొని చూపిస్తారు. తల్లి తన చేతులతో తానే చేసుకుంటుంది. చేసి పెట్టడం కంటే చేయకుండా నిలబడటానికే ఎక్కువ నేర్పు కావాలి. అర్ధరాత్రి రెండు గంటలకు, ఇంకా నలుగురు బాలింతలు పిలుస్తుండగా, చేతులు వెనక్కి పెట్టుకొని "ఇంకొంచెం దగ్గరికి అక్కా, ఆఁ, అట్లనే" అనగలగడం మామూలు ఓపిక కాదు. ఒక్క సీసా పాలు పట్టేస్తే ఏడుపు ఆగుతుంది, నర్సుకూ విశ్రాంతి దొరుకుతుంది. ఆ సీసాను తల్లీబిడ్డల దగ్గరికి రానీయకుండా ఆపడానికే 1992లో చట్టం చేశారు. డబ్బాపాల కంపెనీలు ప్రచారం చేయకూడదు, తల్లులకు శాంపిళ్లు పంచకూడదు. చట్టం డబ్బాను గేటు దగ్గర ఆపగలదు. కొంగుముడిలో వచ్చేదాన్ని ఆపడం దాని తరం కాదు.

చెల్లెలి కాన్పు రోజు మా అమ్మ కొంగుముడిలో తేనె సీసా ఉంది. మనవడి నాలుక మీద మొదటి చుక్క తనదే కావాలని ఊరి నుంచి తెచ్చుకుంది. సాయంత్రం డ్యూటీ పిల్ల ఆ ముడిని చూసింది. ఏమీ అనలేదు. "పెద్దమ్మా, బాబుకు చలిగాలి తగులుతుంది. ఈ టోపీ మీ చేత్తో పెట్టరా?" అంది. అమ్మ రెండు చేతులతో టోపీ అందుకుంది. పెట్టాక మెల్లగా, "తేనె ఏడాది దాకా వద్దు పెద్దమ్మా. ఇప్పుడు ముర్రుపాలే" అంది.

"మా పిల్లలందరికీ నాకించిన, ఏమైంది?" అంది అమ్మ.

"ఏం గాలే, గట్టిగనే ఉన్నరు, మీ చేతి చలువ. ఈయనకు మాత్రం ముందు పాలు తాగనిద్దామా?"

ఆ చివర్లోనూ ప్రశ్నే. అమ్మ జవాబు చెప్పలేదు, కొంగు మాత్రం నడుములోకి దోపుకుంది. తేనె సీసా మూత తీయకుండానే ఇంటికొచ్చింది. ఆ చలికాలం మా నాన్న దగ్గుకు పనికొచ్చింది.