తెర వెనకే తీరే వణుకు

ఎండాకాలం వస్తే చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. చాలాచోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి అదే కథ వీధినాటకం. వేషం కట్టేవాళ్లలో చాలామంది సేద్యమో కూలిపనో చేసుకునేవాళ్లే. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనం, తెల్లవార్లూ ఊరి ముందు పద్యం పాడేవాణ్ణి చూసి ‘అది పుట్టుకతో రావాలి’ అనేసి ఊరుకుంటాం. నాకలా అనిపించదు. ఆ ఆటను కట్టిన తీరులోనే భయానికి విరుగుడుంది.

వేషగాడు వస్తూనే కనబడడు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. దాని వెనక గజ్జెలు మోగుతాయి, గొంతు వినిపిస్తుంది, తెర మీదుగా కిరీటం అటూ ఇటూ కదులుతుంది. తానెవరో పాడుకుని, నాలుగడుగులు వేశాకే తెర తీస్తారు. సభాభయం బాగా కుదిపేసేది మొదటి నిమిషంలోనే కదా, ఆ నిమిషం కాస్తా తెర వెనకే గడిచిపోతుంది. జనం ముఖాలు చూసేసరికి గొంతు శ్రుతిలో పడి ఉంటుంది. వణకాల్సిన కాళ్లకు తాళం పని దొరికి ఉంటుంది.

ఆ తర్వాతా అతన్ని ఒంటరిగా వదలరు. ఒక పాదం పాడగానే వంతవాళ్లు అందుకుంటారు. ఆ వ్యవధిలో ఊపిరి తీసుకోవచ్చు, తర్వాతి మాట గుర్తు చేసుకోవచ్చు. మరిచిపోతే? హాస్యగాడు ఏదో ఒక ప్రశ్న వేసి జనాన్ని నవ్విస్తాడు, ఆలోగా హార్మోనియం శ్రుతి నిలబెడుతుంది. తడబాటును ముందే లెక్కలోకి తీసుకుని కట్టిన ఆట ఇది. తప్పే దొర్లకూడదని పిల్లల్ని బెదరగొట్టే మన వక్తృత్వ పోటీలకు ఈ తెలివి లేదు.

ఈ భారతంలో అర్జునుడి తపస్సు ఘట్టం ఆడే రోజు సంగతి వేరు. పట్టపగలు, ఎత్తైన తపస్సు మాను. కింద సంతానం కోరే ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. వేషగాడు పాడుకుంటూ ఎక్కి, పైనుంచి విభూతి, నిమ్మకాయలు విసురుతాడు. అక్కడ తన గొంతు ఎలా ఉందోనన్న బెంగకు చోటుండదు. కింద చాచిన కొంగుల మీదే ధ్యాస.

హరికథలో భాగవతార్ ఒక్కరే నిలబడాలి, కాబట్టి సభనే వంతగా మార్చుకుంటారు. మధ్యమధ్య అందరిచేతా ‘గోవిందా’ అనిపిస్తారు. కునికిపాట్లు మొదలైతే ఒక పిట్టకథ. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) చేతుల్లో పెరిగిన ఈ కళను తిరుపతిలో దేవస్థానం వారి సంగీత, నృత్య కళాశాలలో నేర్పుతారు.

వీధినాటకానికి ఒక లోటుంది. ద్రౌపది వేషం కూడా చాలాకాలం మగవాళ్లే కట్టారు. ఆ తర్ఫీదు ఆడపిల్లలకు అందలేదు. హరికథ ఆ పని కొంత చేసింది, ఇవాళ ఎందరో మహిళలు చిడతలు పట్టి కథ చెబుతున్నారు.

కాలేజీ సెమినార్‌కు గజ్జెలు కట్టుకు రమ్మని ఎవరికీ చెప్పలేం. కానీ ఆ కిటుకులు అరువు తెచ్చుకోవచ్చు. మొదటి నాలుగు వాక్యాలు కంఠతా పట్టి, గదిలోకి వెళ్లేముందే బయట గట్టిగా ఒకసారి పలకొచ్చు. ముందు వరసలో ఊఁ కొట్టే స్నేహితులిద్దర్ని కూర్చోబెట్టుకోవచ్చు. నోట మాట ఆగిన చోట సభనే ఒక ప్రశ్న అడగొచ్చు, జవాబు వచ్చేలోగా కాగితం చూసుకోవచ్చు.